మూడో సీడీ మీద గీత

మొన్న మా గంటిచేను, అంటే సజ్జచేను, పాలకంకి మీదకొచ్చింది. చిలకలు గుంపులుగా దిగుతున్నాయి. మా అబ్బాయి శ్రీను పొద్దున్నే చేలోంచి వచ్చి, కాళ్ళయినా కడుక్కోకుండా నా గది గుమ్మంలో నిలబడి, "అమ్మా, నాన్న కుస్తీ సీడీలు ఇచ్చీ. డెక్కు పాడయి ఎన్నాళ్ళో అయిపోనాది. దారం కట్టి చేలో యేలాడదీస్తాను. ఎండకి తళుక్కుమంటే సిలక దిగదు" అన్నాడు. అడిగినదాంట్లో తప్పేమీ లేదు. మా చుట్టుపక్కల చాలా చేలల్లో పాత సీడీలు గాలికి తిరుగుతూనే ఉంటాయి. వాడికి ఆ ఉపాయం ఎక్కడ తట్టిందో కూడా నాకు తెలుసు, ముందు ముందు చెప్తాను. అయినా ఇవ్వనన్నాను. "ఏటి సేసుకుంటావు వాటిని" అన్నాడు. నా ఇష్టం అన్నాను. డెబ్బై దాటిన మనిషి నా ఇష్టం అంటే ఇంట్లోవాళ్ళకి అదేదో జబ్బులా వినిపిస్తుంది.

ఆ మాట మా మనవరాలు లావణ్య చెవిన పడింది. విజయనగరంలో డిగ్రీ చదువుతోంది, శనివారం సాయంత్రం బస్సుకి ఇంటికొస్తుంది. వచ్చీ రావడంతోనే నా మంచం కింది రేకుపెట్టె లాగి మూత తీసింది. కలరా ఉండల వాసన, దాని కిందనుంచి చుట్టపొగ వాసన. ఒక్కో సీడీ ఎత్తి బొమ్మలు చూసి, "నానమ్మా, నువ్వు నిజంగా రెజ్లింగ్ చూసేదానివా? మా ఫ్రెండ్స్‌కి చెప్తే పడీ పడీ నవ్వుతారు" అంది. నవ్వుకుంటే నవ్వుకోనీ, నాకేమీ పోదు. కాకపోతే ఇది వాళ్ళకి సగమే చెప్తుంది, సగం విన్నవాళ్ళు మిగతా సగం వాళ్ళకి తోచినట్టు అల్లుకుంటారు. అందుకని మొత్తం నేనే రాస్తున్నాను. ఐదో తరగతితో ఆగిన చదువు నాది. ఒత్తులు తప్పితే తప్పుతాయేమో గానీ సంగతి తప్పదు.

నేను పుట్టింది విజయనగరంలో, కోట వెనక సందుల్లో. మా నాన్న బజారులో బస్తాలు మోసే కళాసీ. పనిలోకి పోయే ముందు తెల్లారగట్ల కుస్తీ పట్టడానికి తాలింఖానాకి వెళ్ళేవాడు. తాలింఖానా అంటే పెద్ద కట్టడం అనుకోకండి. నాలుగు మట్టిగోడలు, పైన పెంకులు, లోపల గోతినిండా జల్లించిన మెత్తటి ఎర్రమట్టి. ఆ మట్టిలో నువ్వులనూనె పోసి, మజ్జిగ చల్లి, పసుపు కలిపి తొక్కేవారు. నాన్న ఇంటికి తిరిగొస్తే ఆ వాసన మనిషికంటే ముందొచ్చేది. నానబెట్టిన శనగలు, బెల్లంముక్క గిన్నెలో పెట్టి అమ్మ నా చేతికిచ్చి పంపేది. నేను పట్టుకెళ్ళి గుమ్మం బయట నిలబడేదాన్ని. ఆడపిల్ల గుమ్మం దాటితే మట్టికి మైల అని అక్కడి పెద్దల మాట. లోపల ఏం జరుగుతోందో నాకు కనపడదు. చప్పుడే నా వంతు. అరచేత్తో నేలని చరిచి పడినవాడి చప్పుడు ఒకటి, చరవకుండా పడినవాడి చప్పుడు ఇంకొకటి. రెండోది విన్నప్పుడు గుమ్మానికి ఇంకో అడుగు దగ్గరగా జరిగేదాన్ని. నాన్నని అడిగితే, "సెయ్యి ముందు నేలకి తగలాల, వీపు తరవాత. అప్పుడు బతుకుతాం" అని చెప్పేవాడు. ఒక్కసారి చూస్తానంటే మాత్రం, "నువ్వు సూసీది కాదు" అనేవాడు. అలా నేను కుస్తీని వింటూ పెరిగినదాన్నే గానీ చూసినదాన్ని కాదు. పెద్దమనిషినయ్యాక ఆ వినడం కూడా పోయింది.

పెళ్ళయి రామతీర్థం పోయే దారిలో ఉన్న ఈ ఊరికి వచ్చాను. మా ఆయన పేరు అప్పలనాయుడు. నాకు మేనమామ వరస, అందుకని మావా అనే పిలిచేదాన్ని. రాగులంటారే, ఆ చోళ్ళు, గంటెలు, మెరకలో వంగతోట. ఆ బతుకంతా రాయడం మొదలుపెడితే ఈ కాగితాలు చాలవు, చదివే ఓపిక మీకూ ఉండదు. శ్రీను పెద్దవాడై విజయనగరంలో ఆటో నడుపుకుంటూ అక్కడే కాపురం పెట్టాడు. వాడు కొత్త టీవీ కొనుక్కున్నప్పుడు పాత టీవీ, దాంతోపాటు సీడీ డెక్కు తెచ్చి మా ముందుగదిలో పెట్టాడు. అవతల పారేసే వస్తువు కాబట్టి నేను వద్దనలేదు. కొంటానంటే ఒప్పుకునేదాన్ని కాదు.

ఆ రోజుల్లో మా ఆయన వంకాయలు గోనెలో వేసుకుని విజయనగరం బజారుకి తీసుకెళ్ళేవాడు. బస్సు కాంప్లెక్సు పక్కన ఒకడు పట్టా పరిచి సీడీలు అమ్మేవాడు. ఓసారి హరికథ సీడీ అని కొనుక్కొచ్చాడు. కవరు మీద చిడతలు పట్టుకున్న దాసుగారి బొమ్మ కూడా ఉంది. మధ్యాహ్నం అన్నాలయ్యాక పెట్టాడు. నేను వంటింట్లో అంబలికుండ కడుగుతున్నాను. ముందుగదిలోంచి ఢామ్మని చప్పుడు. దాని వెనకే ఇంకొకటి. నా చెయ్యి కుండలోనే ఆగిపోయింది. అరచెయ్యి నేలని చరిచిన చప్పుడది. ఎన్నేళ్ళయినా ఆ చప్పుడు నేను మర్చిపోను. గుమ్మంలోకి వచ్చి చూస్తే, తాళ్ళు కట్టిన అరుగులాంటి దాని మీద ఇద్దరు దొరలు చెడ్డీలు వేసుకుని కలబడుతున్నారు. మా ఆయన తలపట్టుకుని, "మోసం సేసీసినాడే. రేపెళ్ళి ఆడి మొకాన కొట్టి మార్చుకుంటాను" అన్నాడు. "ఉండనీ మావా" అన్నాను. ఆయన నావైపు తిరిగి చూశాడు. నేను తడిచేతులతోనే గోడకి ఆనుకుని కూర్చున్నాను. అరవయ్యేళ్ళు దగ్గరపడ్డాక నాకు కుస్తీ కనపడింది. గుమ్మం బయటికి పొమ్మనడానికి అక్కడ ఎవరూ లేరు.

అప్పటినుంచి అది మాకు అలవాటైపోయింది. పొద్దున్న చేలో పని, ఎండెక్కాక ఇంటికొచ్చి స్నానం, అంబలి, ఎండుచేప కాల్చినది. గేదెని నీడకి కట్టేసి, ఆయన సగం చుట్ట కాల్చి మిగతా సగం చూరులో గుచ్చి లోపలికొచ్చేవాడు. అప్పుడు తలుపు గడియ పెట్టేవాళ్ళం. కరెంటు ఉంటే ఆట, లేకపోతే నిద్ర. గడియ ఎందుకంటే ఎదురింట్లో మా ఆడపడుచు పైడమ్మ వదిన ఉండేది. మా ఆయనకి అక్క. చిన్నవయసులోనే భర్త పోయి, విధవరాలు ఎలా ఉండాలని ఊరు చెప్పిందో అక్షరం పొల్లుపోకుండా అలా ఉన్న మనిషి. ఎవరైనా అలా ఉండకపోతే ఆవిడకి కడుపులో మండేది. "పగలు తలుపులేసుకుని ఏటే ముసలోళ్ళు" అని వీధిలోంచి అడిగేది. "కునుకు తీస్తన్నాం వదినా" అనేదాన్ని.

అందులో వాళ్ళు మాట్లాడే ముక్క ఒక్కటీ మాకు అర్థం కాదు. అర్థం కావలసిన పని కూడా లేదు. పేర్లు మేమే పెట్టుకున్నాం. పొడుగ్గా, వీపంతా తలవెంట్రుకలు పరుచుకుని ఉండేవాడు జడలోడు. వాడు మా ఆయన మనిషి. వాడికి నడుం దాకా వచ్చేవాడు పొట్టోడు. వాడు నా మనిషి. పొట్టోడు ఎన్నిసార్లు పడతాడో అన్నిసార్లూ లేస్తాడు, పడ్డ ప్రతిసారీ చెయ్యి ముందు నేలకి వేస్తాడు. ఇంకొకడు కోటు తొడుక్కుని పక్కన తిరుగుతూ, ఎవరూ చూడనప్పుడు కుర్చీతో వెనకనుంచి కొడతాడు. వాడికి పంచాయితీపెద్ద అని పేరు పెట్టాం. ఎవరి మనిషి ఓడితే వాళ్ళు టీ పెట్టాలని పందెం. నేను ఓడితే అందులో వింతేముంది, రోజూ పెట్టేదే. ఆయన ఓడినప్పుడు చూడాలి. తలుపు గడియ ఇంకోసారి చూసుకుని, లుంగీ ఎగ్గట్టి, పొయ్యి ముందు గొంతుక్కూర్చుని బెల్లం టీ పెట్టేవాడు. బెల్లం ఎక్కువ, ఆకు తక్కువ, గ్లాసు అడుగున మడ్డి. ఇంత బెల్లం ఎవడబ్బ సొమ్మని తిట్టుకుంటూ చివరి చుక్కదాకా తాగేదాన్ని. మా ఊళ్ళో మొగుడి చేతి టీ తాగిన ఆడది ఇంకొకతె ఉందేమో నాకు తెలియదు. ఉన్నా చెప్పదు. నేను చెప్తున్నాను.

ఓసారి శ్రీను చెప్పాపెట్టకుండా వచ్చి మమ్మల్ని చూశాడు. నవ్వు ఆపుకోలేకపోయాడు. "నాన్నా, అదంతా ఉత్తుత్తిదే. ఎవడు నెగ్గాలో ఎవడు ఓడాలో ముందే మాటాడుకుంటారు. పెద్దోళ్ళు, మీకు తెలీదు" అన్నాడు. మా ఆయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే అడిగాడు. "ఒరే, ఆ పొట్టోడు పైనుంచి కింద పడ్డాడా నేదా?" పడ్డాడన్నాడు శ్రీను. "మరి నేల కూడా ఉత్తుత్తిదేటి?" నాకు ఆయన మీద చాలాసార్లు కోపమొచ్చింది, విసుగొచ్చింది. ఆ రోజు మాత్రం మా నాన్న పక్కన కూర్చోబెట్టదగిన మనిషనిపించింది.

ఫోన్లలోనే సినిమాలు చూడడం మొదలయ్యాక సీడీల కొట్లు ఒక్కొక్కటే మూతపడ్డాయి. అలా మూసేస్తున్న ఒక కొట్లోంచి మా ఆయన ఒక అట్టపెట్టె తెచ్చాడు, గోనెలో వంకాయల అడుగున దాచి. గట్టి అట్ట, లోపల మూడు సీడీలు. ఏడాదికోసారి జరిగే పెద్ద ఆటట. పెట్టె మీద జడలోడు, పొట్టోడు ముఖాముఖీ నిలబడి ఉన్నారు. అప్పటిదాకా వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు కలబడగా మేం చూడలేదు. వెనకవైపు బొమ్మల్లో ఎవరు నెగ్గారో తెలిసిపోతుందేమోనని ఆయన పాత క్యాలెండరు కాగితం చింపి గంజి పెట్టి అంటించేశాడు. మొదటి సీడీ ఒక మధ్యాహ్నం చూశాం. రెండోది మర్నాడు. అది అయిపోగానే కరెంటు పోయింది. వాళ్ళిద్దరి ఆట మూడోదాంట్లో ఉంది. "రేపు నీసేత టీ పెట్టిస్తాను సూడు" అన్నాడు. "రోజూ పెడతన్నదేలే, కొత్తేటి. రేపు నువ్వు పెడతావు" అన్నాను. ఆయనతో నేను ఆడిన చివరి పందెం మాట అదే.

మర్నాడు పొద్దున్న గేదెకి కుడితి పెట్టడానికి వెళ్ళి గాబు పక్కనే కూలిపోయాడు. నేను పరిగెత్తేసరికి అయిపోయింది. కుడిచెయ్యి పక్కకి చాపి, అరచెయ్యి నేలకి పరిచి ఉంది.

ఇంటినిండా జనం వచ్చారు. పైడమ్మ వదిన ఏడుపు ఊరంతా వినపడింది. తమ్ముడు పుట్టినప్పటినుంచి మొదలుపెట్టి రాగం తీసి ఏడ్చేది. మధ్యలో ముక్కు తుడుచుకుని, "వచ్చినోళ్ళందరికీ టీలు అందినాయా" అని అడిగి, మళ్ళీ ఎక్కడ ఆపిందో అక్కడినుంచి ఎత్తుకునేది. ఆవిడది దొంగ ఏడుపని నేను అనను. ఎక్కడ ఎత్తాలో ఎక్కడ దించాలో తెలిసిన ఏడుపే అయినా దెబ్బ నిజంగానే తగిలింది. నాకు మాత్రం కళ్ళలో నీళ్ళు రాలేదు. ఎందుకు రాలేదో నన్నడిగితే నేనేం చెప్తాను. ఆవిడ నా భుజాలు పట్టుకుని కుదిపి, "ఒలే సిమ్మాచలం, నీది గుండేటే రాయేటే? సుక్క రాల్లేదు" అంది. "రాల్తే లెగిసి కూకుంటాడా వదినా" అన్నాను. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు మొహాలు చూసుకున్నారు.

గాజులు కూడా పగలగొట్టనివ్వలేదు. నేనే మెల్లిగా తీసి, ఒక్కటీ విరగకుండా గుడ్డలో చుట్టి దాచుకున్నాను. మంచి గాజుల్ని రాయి పెట్టి కొట్టడం నాకెప్పుడూ తెలివైన పనిగా కనపడలేదు. "నావి కొట్టించుకున్నాను కదే" అంది వదిన. ఆ ఒక్క మాటా ఆవిడ రాగం లేకుండా అంది.

పెద్దకర్మకి ముందురోజు పెరట్లో ఒక మూట కనపడింది. పోయినవాళ్ళ బట్టలు, చెప్పులు గెడ్డలో, అంటే వాగులో, కలపడం మా వైపు ఆనవాయితీ. మూట విప్పి చూస్తే ఆయన లుంగీలు, తువాళ్ళ మధ్యన సీడీలన్నీ ఉన్నాయి, ఆ అట్టపెట్టెతో సహా. బట్టలు వదిలి సీడీలు తీసేసుకున్నాను. వదిన వెనకే వచ్చింది. "అవి ఇంట్లో ఉంటే ఆడి మనసు ఇంట్లోనే తిరుగుతాది" అంది. "తిరగనీ" అన్నాను.

పెద్దకర్మనాడు అరటాకులో ఆయనకి ఇష్టమైనవన్నీ వడ్డించి పెరటిగోడ మీద పెట్టారు. అన్నం, చేపలపులుసు, ఎండుచేపలు, గారెలు, పక్కన చుట్ట, చిన్నముంతలో కల్లు. కాకి వచ్చి ముట్టాలి. అది ముట్టాకే మిగతావాళ్ళ భోజనం. ముట్టకపోతే పోయినవాడికి ఏదో కోరిక మిగిలిపోయిందని లెక్క, అప్పుడు అయినవాళ్ళు ఒక్కొక్కరూ మాటివ్వాలి. కాకులకేమీ లోటు లేదు, కరెంటు తీగ మీద వరసగా కూర్చున్నాయి. ఒక్కటీ దిగలేదు. శ్రీను చేతులు జోడించి, "నాన్నా, చేను కౌలుకియ్యను. ఆటో అమ్మేసి నానే వచ్చి దున్నుతాను. అమ్మని సూసుకుంటాను" అన్నాడు. ఒక కాకి మెడ వంచి చూసింది, అంతే. ఎండ నెత్తికెక్కింది. పందిట్లో విస్తళ్ళు వేసి ఉన్నాయి, చంటిపిల్లలు ఆకలికి ఏడుపు అందుకున్నారు.

అప్పుడు వదిన నావైపు తిరిగింది. "ఆడికేటి కావాలో నాకు తెలుసు. మొగుడు పోతే ఇది ఏడవనేదు. గాజులు దాసుకుంది, సీడీలు దాసుకుంది. ఒలే, అందరి ముందూ సెప్పు. ఆ బొమ్మలు ఇంక సూడను, రేపే గెడ్డలో కలిపేస్తానని సెప్పు. బేగి సెప్పు, కాకి ముడతాది." అందరూ నన్నే చూస్తున్నారు. శ్రీను కూడా, "అనీమ్మా, మాటే కదా" అన్నాడు. ఒక్క మాటతో అందరికీ అన్నం దొరుకుతుంది. కానీ ఆ మాట ఇస్తే నేను నిలబెట్టుకోవాలి. ఆయన పేరు మీద మాటిచ్చి తప్పే మనిషిని కాను. ఇచ్చానంటే ఇక ఆ ముందుగది, ఆ మధ్యాహ్నాలు, ఆ చప్పుడు అన్నీ మళ్ళీ గుమ్మం అవతలే. చిన్నప్పుడు నన్నెవరూ అడగకుండానే బయట నిలబెట్టారు. ఇప్పుడు నా నోటితో నేనే బయటికి పోతానని చెప్పమంటున్నారు.

లోపలికెళ్ళి అట్టపెట్టెలోంచి మూడో సీడీ తీసి తెచ్చాను. గోడ మీద ఆకు పక్కనే పెట్టాను. "పులుసు పెట్టినారు, చుట్ట పెట్టినారు, కల్లు పెట్టినారు. ఆయనకిష్టమైంది ఇదొకటి మర్సిపోనారు. ఇదీ ఉండనీండి" అన్నాను. నడినెత్తి ఎండ సీడీ మీద పడి తళుక్కుమంది. తీగ మీది కాకులన్నీ ఒక్కసారే లేచి కనపడకుండా పోయాయి.

వదిన గుండెలు బాదుకుంది. "సూసినారా, ఆడికెంత కోపమొచ్చీసిందో." శ్రీను మాత్రం ఆకాశంకేసి చూస్తూ, "కోపం కాదత్తా. మెరుపుకి బెదిరినాయి" అన్నాడు. "నువ్వు నోర్ముయ్యిరా" అంది. వాడు నోరు మూసుకున్నాడు గానీ ఆ సంగతి మనసులో పెట్టుకున్నాడు. చేలో సీడీలు కట్టే ఉపాయం వాడికి తట్టింది తండ్రి పెద్దకర్మ రోజునే.

నేను సీడీని గోడ మీంచి లాగాను. సిమెంటు మీది ఇసక గరగరమంది. విన్నాను, పట్టించుకోలేదు. కొంగులో చుట్టి నడుముకి దోపుకుని, ఖాళీ తీగ వైపు చూస్తూ చెప్పాను. "మావా, సూడనని నేను మాటియ్యను. మూడోది సూస్తాను. సూసి ఎవరు నెగ్గినారో నీకే సెప్తాను. తింటే తిను, మానితే మాను. ఇక్కడ సంటిపిల్లలు ఆకలితో ఉన్నారు." కాసేపటికి ఒక బక్కకాకి వచ్చి తీగ మీద వాలింది, గోడ మీదకి దూకింది, ఎండుచేప ముక్క ఎత్తుకుపోయింది. నా మాట విని దిగిందని నేననను. మెరుపు పోయింది, చేప వాసన తగిలింది. శ్రీను మాటిచ్చినందుకే దిగిందని వదిన చచ్చేదాకా చెప్పింది. ఎవరి కాకి వాళ్ళది. అందరూ అన్నాలు తిన్నారు.

చుట్టాలు వెళ్ళిపోయాక, ఒక మధ్యాహ్నం ముందుగది తలుపులు రెండూ బార్లా తెరిచి టీవీ పెట్టాను. తలుపులు తీసి కుస్తీ చూడడం అదే మొదలు. వదిన వీధి దాటి వచ్చి గుమ్మంలో కూర్చుంది, వీపు టీవీ వైపు పెట్టి. "నాను సూడ్డానికి రానేదు. ఒక్కదానివి ఉండకూడదని వచ్చినాను" అంది. సరే అన్నాను. ఢామ్మని చప్పుడు.

"ఏటయినాది?"

"పడ్డాడు."

"లెగిసినాడా?"

"తిరిగి సూసుకో."

"నాను సూడను. సెప్పు."

"లెగిసినాడు."

అలా సగం ఆటలు ఆవిడకి నేను చెప్పాను. చివరికి జడలోడు, పొట్టోడు వచ్చారు. పొట్టోడు తాళ్ళ అవతలికి పడ్డాడు, ఎక్కాడు, మళ్ళీ పడ్డాడు. పంచాయితీపెద్ద కుర్చీ తెచ్చాడు. నేను చెప్పడం మానేసి ఎంతసేపయిందో నాకే తెలియదు. చూసేసరికి వదిన గుమ్మంలోంచి గదిలోకి జరిగి, టీవీకేసి తిరిగి, మోకాళ్ళు పట్టుకుని కూర్చుని ఉంది. జడలోడు పొట్టోణ్ణి రెండు చేతులా ఎత్తి నెత్తి మీదకి లేపాడు. అక్కడ బొమ్మ ఆగిపోయింది. గళ్ళు గళ్ళుగా విరిగి, పొట్టోడు గాల్లో ఉండగానే నిలబడిపోయింది.

సీడీ తీసి చూశాను. ఆ చివరనుంచి ఈ చివరికి ఒక గీత. పెరటిగోడ ఇసక. మెత్తటి పాతచీర ముక్కతో తుడిచి పెట్టాను. సబ్బునీళ్ళతో కడిగి, ఆరబెట్టి మళ్ళీ పెట్టాను. ప్రతిసారీ పొట్టోడు గాల్లోకి లేస్తాడు, అక్కడే ఉండిపోతాడు. "ఆడిని ఇంక దించడేటే" అంది వదిన. దించడన్నాను. "మరి మా తమ్ముడికి ఏటని సెప్తావు?" అని అడిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. రాగం లేదు, మాటల్లేవు. నా సంగతి నేను రాయను. కాసేపు ఇద్దరం అలా ఉన్నామని మాత్రం రాస్తాను.

ఆ గీత గురించి నాకు అప్పుడూ బాధ లేదు, ఇప్పుడూ లేదు. సీడీ గోడ మీద పెట్టకుండా ఆ మాటే ఇచ్చి ఉంటే గీత పడేది కాదు, మూడో సీడీ గెడ్డలో పడేది. లేచి టీవీ కట్టేసి, ఆయన ఫొటో ముందు నిలబడ్డాను. "మావా, మా పొట్టోడే నెగ్గినాడు. మీవోడు ఎత్తినాడు గానీ దించలేకపోనాడు" అన్నాను.

వదిన గబగబా కళ్ళు తుడుచుకుంది. "ఒలే, సచ్చిపోయినోడితో అబద్దం ఆడతన్నావా?"

"ఎవరు నెగ్గాలో ముందే ఎవరో అనుకుంటారట కదా వదినా. అక్కడ వాళ్ళనుకున్నారు. ఇక్కడ నేననుకున్నాను."

"మా తమ్ముడు జడలోడి పక్క కదే."

"అందుకే" అన్నాను. ఆవిడ "మొండిదానివే" అని, మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చింది. మిగిలిన సీడీలన్నీ మొదటినుంచి చూసింది. పోయేదాకా అలా వస్తూనే ఉంది, గుమ్మంలో మాత్రం మళ్ళీ కూర్చోలేదు.

ఇప్పుడు వదిన లేదు, డెక్కు లేదు. గోడకి పలకలాంటి పెద్ద టీవీ ఉంది, దాని ముందు ఎవరూ ఉండరు. అన్నాలయ్యాక ఎవరి ఫోను వాళ్ళది, ఎవరి చెవుల్లో తీగలు వాళ్ళవి. పక్కవాడు దేనికి నవ్వాడో తెలియదు. అప్పట్లో రేపటిదాకా ఆగేవాళ్ళం, కరెంటు వచ్చేదాకా ఆగేవాళ్ళం. ముగింపు కనపడకుండా కాగితం అంటించుకునేవాళ్ళం. ఇప్పటి పిల్లలకి ఆటకంటే ముందు ముగింపు వచ్చి చేతిలో పడుతుంది. వాళ్ళది సుఖమో మాది సుఖమో నేను తేల్చను. నాకు మాత్రం ఆగడం బాగుండేది.

ఈ కథంతా చెప్పాక లావణ్య నవ్వలేదు. అట్టపెట్టె తిప్పి, క్యాలెండరు కాగితం అంటించిన వెనకవైపు గోటితో తడిమి చూసింది. దాని చేతికి నా గాజులున్నాయి, నేనే వేశాను. తరవాత ఫోను తీసి, "నానమ్మా, ఇందులో ఎవరు గెలిచారో ఒక్క నిమిషంలో చూసి చెప్తాను" అంది.

"ఫోను కింద పెట్టు" అన్నాను.

"నీకు తెలుసుకోవాలని లేదా?"

"నాకు తెలుసు."

అది నా మొహం చూసి ఫోను బోర్లా పెట్టేసింది. శ్రీనుని పిలిచి మిగతా సీడీలన్నీ ఇచ్చేశాను. వాటి ముగింపులు మా ఆయనా నేనూ కలిసి చూసినవే, వస్తువు ఊరికే పడి ఉండడం నాకు నచ్చదు. అవి ఇప్పుడు గంటిచేలో దారాలకి తిరుగుతున్నాయి, చిలకలు కాస్త తగ్గాయి కూడా. మూడోది మాత్రం పెట్టెలో పెట్టి తాళం వేశాను. పొట్టోడు నెగ్గాడు. మా ఆయన నాకొక టీ పెట్టాలి, బెల్లం ఎక్కువైనా సరే. ఆ బాకీ నేను వదలను.